అనుకున్న ఫలితమే వచ్చిందా? అయితే ఇంకోసారి చూడండి

బెంగళూరులో జన్యు సమాచారంతో కుస్తీ పట్టే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. యలహంక నుంచి యశవంతపూర్ దాకా ఉన్న పరిశోధన సంస్థల్లో, చిన్నా పెద్దా కంపెనీల్లో తగులుతూనే ఉంటారు. వాళ్లలో జనాభా మోడళ్లు నడిపే పిల్లలకు నా నంబరు ఎలాగో చేరుతుంది. "అక్కా, సాఫ్ట్‌వేర్ ఏదో తేడాగా చెబుతోంది, ఒకసారి చూస్తారా?" అన్నది మొదటి మాట. జనాభా పెరగాల్సిన చోట పడిపోయిందంటారు. వలస కనిపించాల్సిన చోట సున్నా వచ్చిందంటారు. నిన్న వచ్చిన అంకె ఇవాళ రావడం లేదంటారు. కూర్చుని వెతుకుతాం, చాలాసార్లు దొరుకుతుంది. ఎన్ని ఫోన్లు వచ్చినా, "అక్కా, సరిగ్గా మేము అనుకున్నట్టే వచ్చింది, ఎక్కడ తప్పు జరిగిందో చూడండి" అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఈ వ్యాసం ఆ రాని ఫోను గురించి.

వింత ఫలితం వస్తే మనం ఇన్‌పుట్ ఫైలుతో మొదలుపెట్టి అన్నీ తిరగేస్తాం. నచ్చిన ఫలితం వస్తే బొమ్మకు రంగులు ఎంచుకుంటాం. తప్పులు మాత్రం మన ఇష్టాయిష్టాలు చూసుకుని రావు, రెండు చోట్లా ఒకే రీతిన పడతాయి. అంటే వడపోత ఒకవైపే జరుగుతోంది. కొన్నేళ్లు ఇలాగే గడిస్తే, పట్టుబడకుండా మిగిలేవి మన ఊహలకు అనుకూలంగా పడిన తప్పులే. వింత ఫలితాన్ని చక్కదిద్దడం ఎలా అని పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మామూలు ఫలితాన్ని అనుమానించడం ఎలా అన్నదే ఎవరూ నేర్పడం లేదని నా ఫిర్యాదు.

ఈ రంగంతో పరిచయం లేని వారికి రెండు మాటలు. ఇవాళ బతికి ఉన్న మనుషుల (పులులైనా, వరి వంగడాలైనా సరే) డీఎన్‌ఏలో తేడాలు లెక్కపెట్టి, వాళ్ల పూర్వీకుల సంఖ్య ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు కుంచించుకుపోయింది, ఏ గుంపు ఎప్పుడు విడిపోయింది, ఎవరు ఎటు వలస వెళ్లారు అని అంచనా వేయడం జనాభా జన్యుశాస్త్రం పని. కొన్ని ప్రోగ్రాంలకు డేటా ఇస్తే చరిత్రను అంచనా వేస్తాయి. మరికొన్నింటికి ఊహించిన చరిత్ర ఇస్తే, అది నిజమైతే డేటా ఎలా ఉండేదో పుట్టించి చూపిస్తాయి. వీటినే సిమ్యులేటర్లు అంటాం. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే ప్రోగ్రాంతో ఎవరికీ పేచీ లేదు. తప్పు ఇన్‌పుట్ మింగి, చప్పుడు చేయకుండా నడిచి, నాలుగు దశాంశ స్థానాలతో అంకె చేతిలో పెట్టేదానితోనే చిక్కు. భవిష్య నిధి లెక్క తప్పితే ఉద్యోగి మర్నాడు పొద్దున్నే కౌంటర్ దగ్గర నిలబడతాడు. ఇక్కడ లెక్క తప్పితే అడగాల్సిన వాళ్లు పోయి వేల ఏళ్లయింది.

అందుకే మోటా కథ ఈ రంగంలో ప్రతి విద్యార్థికీ తెలియాలంటాను. ఇథియోపియాలోని మోటా గుహలో సుమారు 4,500 ఏళ్ల కిందటి మనిషి అవశేషాలు దొరికాయి. అతని జన్యుపటాన్ని 2015లో సైన్స్ పత్రిక ప్రచురించింది. ఇతనితో నేటి ఆఫ్రికన్లను పోల్చి చూస్తే, గత కొన్ని వేల ఏళ్లలో యురేషియా నుంచి ఆఫ్రికాకు తిరిగి వచ్చిన వలస జాడ ఖండమంతటా కనిపిస్తోందన్నది అందులో ముఖ్యమైన మాట. పశ్చిమాన యొరూబా ప్రజల్లోనూ, మధ్య ఆఫ్రికా అడవుల్లోని ఎంబుటీ వారిలోనూ ఆ జాడ ఉందన్నారు. కొన్ని నెలలకే జన్యుశాస్త్రవేత్తలు పాంటస్ స్కోగ్లండ్, డేవిడ్ రైక్ అదే డేటాతో లెక్కవేస్తే అది దొరకలేదు. ఆరా తీస్తే, ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫైలును ప్లింక్ అనే మరో సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలోకి మార్చే స్క్రిప్టును నడపలేదని తేలింది. దాంతో మోటా మనిషి రెండు కాపీల్లోనూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) రిఫరెన్స్ జన్యుపటంతో, అంటే పోలికకు అందరూ వాడే ప్రామాణిక పటంతో, ఏకీభవించిన స్థానాలు లెక్కలోంచి జారిపోయాయి. ఆఫ్రికన్లకూ అతనికీ ఉన్న పోలిక ఆ మేరకు తగ్గినట్టు కనిపించింది, ఆ లోటును లెక్క యురేషియా ఖాతాలో వేసింది. 2016లో సవరణ వచ్చింది. తూర్పు ఆఫ్రికాకు సంబంధించిన భాగం నిలబడింది, ఖండమంతా అన్న మాట పోయింది, పత్రం శీర్షిక కూడా మారింది. రచయితలు దాపరికం లేకుండా ఒప్పుకున్నారు, ఆ విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి.

ఒక స్క్రిప్టు మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది, అందులో వింత లేదు. నన్ను ఆలోచింపజేసేది ఆ తప్పు పడిన దిశ. తూర్పు ఆఫ్రికాలో యురేషియా జాడ ఉంటుందని అంతకుముందే తెలుసు. కొత్త లెక్క కూడా అదే దిశలో, ఇంకాస్త ఎక్కువగా చెప్పింది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు అనిపించే సందర్భం అది. కాలికి తగిలిన తీగను పరీక్షకు పంపేవాళ్లు అరుదు.

మా చుట్టుపక్కల జరిగినదాన్ని కొంచెం దగ్గరగా చెబుతాను. నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇక్కడ ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. రాయలసీమలో, కోలారు జిల్లాలో కొన్ని సముదాయాల నుంచి సేకరించిన శాంపిళ్లు ఆమెవి. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ల్యాప్‌టాప్ తెరిచి, "అక్కా, ప్రింటులో ఈ ఆకుపచ్చ, ఈ నీలం విడివిడిగా కనిపిస్తాయా?" అని అడిగింది. సాఫ్ట్‌వేర్ గురించి కాదు, ఫలితం గురించి అసలే కాదు.

ఆమె వాడింది అడ్మిక్స్చర్ అనే ప్రోగ్రాం. 2009 నుంచి ఈ రంగంలో అందరి చేతుల్లోనూ నలుగుతున్నదే. ఒక్కో మనిషి జన్యువుల్లో ఏ పూర్వీక గుంపు వాటా ఎంతో అది అంచనా వేస్తుంది. ఎన్ని పూర్వీక గుంపులు అనుకోవాలో మాత్రం మనమే చెప్పాలి. మూడు అడిగితే మూడు ఇస్తుంది, ఏడు అడిగితే ఏడు ఇస్తుంది. ఇక్కడ గుంపులే లేవు పొమ్మని ఎప్పుడూ అనదు. ఆ అమ్మాయి సముదాయాల వారీగా సగటు తీసి, ఒక్కో పూర్వీక గుంపుకు ఒక్కో రంగు వేసి గీసిన బొమ్మలో అన్ని కడ్డీలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. కింద వ్యాఖ్య కూడా సిద్ధం చేసుకుంది: ఈ సముదాయాల మధ్య చెప్పుకోదగ్గ జన్యు తేడా లేదు.

ముద్దొచ్చే ఫలితం అది. కులాల మధ్య గోడలు ఒంట్లో లేవని నలుగురిలో చెప్పుకోవడానికి పనికొస్తుంది. వాళ్ల గైడ్‌కు నచ్చింది, తోటి రచయితలకు నచ్చింది. విలువల పరంగా నాకూ కంటికి ఇంపుగానే ఉంది. రంగుల సంగతి తేల్చాలంటే సగటులు చాలవు, మనిషి మనిషికీ విడి కడ్డీ చూడాలి కాబట్టి ఆ ఫైలు తెరవమన్నాను. వరసలో ఒక తండ్రి, తల్లి, కూతురు ఉన్నారు. తండ్రి కడ్డీ దాదాపు పూర్తిగా ఆకుపచ్చ, తల్లిదీ అంతే. కూతురి కడ్డీలో సగానికి పైగా నీలం.

"ఈ పిల్ల వీళ్ల కూతురేనా?" అన్నాను.

"అదేమిటక్కా, వాళ్లింట్లోనే భోజనం కూడా చేశాను."

ఇద్దరిలోనూ లేనిది బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది? వాటాల ఫైలు తెరిచాం. అడ్మిక్స్చర్ రాసే ఆ ఫైలులో అంకెలు తప్ప పేర్లు ఉండవు. ఇన్‌పుట్‌లో మనుషులు ఏ వరసలో ఉన్నారో అదే వరసలో అంకెలు పేర్చి ఊరుకుంటుంది. ఎవరిది ఏ వరసో జతపరచుకోవడం మన పని. ఇన్‌పుట్‌లో ఎస్1, ఎస్2, ఎస్3 అని సేకరించిన క్రమం ఉంది. పేర్లూ సముదాయాలూ ఉన్న జాబితాను మధ్యలో ఎవరో స్ప్రెడ్‌షీట్‌లో అక్షర క్రమంలో పెట్టారు. అక్కడ ఎస్1 తర్వాత వచ్చేది ఎస్2 కాదు. ఎస్10 వస్తుంది, ఆ తర్వాత ఎస్100, ఎస్101. రెండింటినీ పక్కపక్కన అతికిస్తే వాటా ఒకరిది, పేరు మరొకరిది. వరసల సంఖ్య సరిపోయింది కాబట్టి ఏ ఎర్రరూ రాలేదు.

పేర్లను కలగాపులగం చేస్తే ఏ సముదాయానికి తీసినా సగటు ఒకేలా వస్తుంది. తేడా లేదన్న ఫలితం కావాలంటే అంతకంటే దగ్గరి దారి మరొకటి లేదు. సరిచేశాక తేడాలు మామూలుగానే కనిపించాయి, ఈ ప్రాంతం గురించి ఇదివరకు తెలిసిన తీరులోనే. ఇదే పొరపాటు సముదాయాల మధ్య భయంకరమైన తేడాలు చూపించి ఉంటే మొదటి రోజే ల్యాబ్ అంతా గగ్గోలు పెట్టేది. ఆకుపచ్చా నీలమా అని అడగడానికి క్యాంటీన్ దాకా వచ్చేదే కాదు. అప్పటి నుంచి ఎవరు ఏ బొమ్మ తెచ్చినా ముందు ఒక కుటుంబాన్ని చూపించమంటాను. కుటుంబాలు లేకపోతే, రాసుకున్న పేరు ఆడవాళ్లదో మగవాళ్లదో ఎక్స్ క్రోమోజోముతో సరిచూడమంటాను. ఈ రెండు పరీక్షలకూ ఫలితం మనకు నచ్చిందా లేదా అన్నదానితో పని లేదు. వాటిని నమ్మడానికి నాకున్న కారణం అదే.

సిమ్యులేటర్ల దగ్గర తిప్పలు వేరు. 2016లో వచ్చిన ఎంఎస్‌ప్రైమ్ ఇప్పుడు అందరూ వాడేది. దానికి అంత వేగం రావడానికి ఒక కారణం, అది కాలంలో వెనక్కి నడుస్తుంది. నేటి శాంపిళ్ల నుంచి మొదలుపెట్టి, వంశరేఖలు ఎక్కడ కలుస్తాయో చూస్తూ తాతముత్తాతల దిశగా వెళ్తుంది. కాబట్టి దానికి వలస కూడా వెనక్కే. అనంతపురం నుంచి జనం బెంగళూరుకు వస్తున్నారనుకోండి, మనలో చాలామంది కథ అదే కదా. కాలంలో వెనక్కి చూస్తే బెంగళూరులో ఉన్న వంశరేఖ అనంతపురానికి వెళ్తున్నట్టు కనిపిస్తుంది. ఆ వలసను మోడల్‌లో పెట్టాలంటే మూలం గడిలో బెంగళూరు, గమ్యం గడిలో అనంతపురం రాయాలి. ముందుకు నడిచే స్లిమ్ లాంటి సిమ్యులేటర్‌లో వలసను మామూలుగానే రాస్తాం. ఒకదానిలో రాసిన మోడల్‌ను మరొకదానిలోకి మార్చేటప్పుడు దిశ తిరగబడితే ప్రోగ్రాం కిమ్మనదు. రెండు ఊళ్లలోనూ జనం సంఖ్య సమానమైతే ఫలితం చూసినా తెలియకపోవచ్చు. ఒక ఊరు పెద్దది, మరొకటి చిన్నది అయితేనే వంకర బయటపడుతుంది. అందుకే పరీక్షకు ఎప్పుడూ వికృతమైన మోడల్ పెట్టమంటాను: ఒక ఊళ్లో లక్ష మంది, మరో ఊళ్లో వంద మంది, వలస ఒకే దిశలో, అదీ విపరీతంగా. అప్పుడు ఏ ఊరి వైవిధ్యం పెరగాలో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పవచ్చు.

మాన్యువల్‌లో ఉన్న ఉదాహరణ చూసి రాసుకుంటే సరిపోతుంది కదా అంటారు. ఆ మాన్యువల్‌లోనే తప్పు ఉంటే? ఎంఎస్‌ప్రైమ్ మాన్యువల్‌లో ఆఫ్రికా, ఐరోపా, తూర్పు ఆసియా జనాభాలతో 2009 నాటి ప్రసిద్ధ మోడల్ ఒకటి ఉదాహరణగా ఉండేది. వెనక్కి నడుస్తూ రెండు జనాభాలు ఒకటైపోయిన తర్వాత, ఇక ఉండకూడని జనాభాతో వలసను ఆపేయాలి. ఆ ఒక్క అడుగు అందులో లేదు. మాన్యువల్ నుంచి ఆ కోడ్‌ను తీసుకుని వాడినవాళ్ల ప్రచురిత పరిశోధనల్లోకీ అది వెళ్లింది. ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఫలితం కొంచెమే తేడాగా ఉంది, నమ్మదగినట్టే ఉంది. 2020లో అదంతా వివరిస్తూ పత్రం రాసినవాళ్లలో ఎంఎస్‌ప్రైమ్ రూపకర్త జెరోమ్ కెలెహర్ కూడా ఉన్నారు. తన సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లోని తప్పు మీద తానే పత్రం రాయడం ఎంత మందికి చేతనవుతుంది? ఆ తర్వాతి వెర్షన్‌లో, జనాభాలు విడిపోయే సంఘటన అని చెబితే చాలు, మిగిలినది ప్రోగ్రామే చూసుకునేలా మార్చారు.

రెండుతో గుణించే గొడవ గురించి ఎక్కువ చెప్పను, ఎవరికి వారు ఒకసారి దెబ్బతిని నేర్చుకుంటారు. మనిషిలో ప్రతి జన్యువుకూ రెండు కాపీలు. కొన్ని ప్రోగ్రాంలు జనాభాను మనుషుల్లో అడుగుతాయి. ఫాస్ట్‌సిమ్‌కోల్ కాపీల్లో అడుగుతుంది, అంటే 10,000 మందికి 20,000 అని రాయాలి. పాత ఎంఎస్‌ప్రైమ్‌లో 10 శాంపిళ్లు అంటే 10 కాపీలు, 1.0 వెర్షన్ నుంచి 10 మంది మనుషులు, 20 కాపీలు. దీనికి కాగితం మీద చేసే పరీక్ష ఉంది. స్థిరమైన జనాభాలో ఇద్దరి డీఎన్‌ఏ అక్షరాల మధ్య సగటు తేడా అంటే, జనాభాను ఉత్పరివర్తన రేటుతో గుణించి, మళ్లీ నాలుగుతో గుణించాలి. 10,000 మంది, తరానికి అక్షరానికి 1.25 × 10⁻⁸ రేటు అయితే 0.0005 వస్తుంది, అంటే 2,000 అక్షరాలకు ఒక తేడా. మీ సిమ్యులేషన్‌లో 4,000కు ఒకటి వస్తే ఎక్కడో సగం పోయింది. అసలు మోడల్ ఎంత జటిలమైనదైనా ముందు ఈ బోడి మోడల్‌ను నడిపి అంకె సరిచూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

దీనికి మరో వైపు కూడా ఉంది. ప్రతి వింతా తప్పు కాదు. పై లెక్కలోని 10,000 మంది జనాభాలో ఒకే స్థానం దగ్గర రెండు కాపీలు సగటున 20,000 తరాల వెనక కలుస్తాయి. తరానికి 25 ఏళ్లు వేసుకుంటే 5 లక్షల ఏళ్లు. కానీ ఆ సగటు ఎంతో, దాని చుట్టూ ఉండే విచలనమూ అంతే. ఒక చోట 50 వేల ఏళ్లు, మరో చోట 15 లక్షల ఏళ్లు వచ్చినా ఆశ్చర్యపడనక్కర్లేదు. ఒక్కసారి నడిపి "అంకె తేడాగా వచ్చింది" అని ఫోన్ చేసేవాళ్లకు నా జవాబు ఎప్పుడూ ఒకటే: విత్తన సంఖ్య (సీడ్, అంటే ప్రోగ్రాం తన లాటరీని మొదలుపెట్టే అంకె) మార్చి వెయ్యిసార్లు నడిపి, అప్పుడు చేయండి. ఒక్కసారి నడిపి సరిగ్గా వచ్చిందని సంతోషించిన వాళ్లకూ నిజానికి ఇదే చెప్పాలి, వాళ్లే ఫోన్ చేయరు.

ఇక మన పెళ్లిళ్ల సంగతి. తెలుగు డేటా మీద పనిచేసేవాళ్లందరూ ఎక్కడో ఒక చోట దీనికి తగులుకుంటారు. చాలా ప్రోగ్రాంలు జనాభాలో ఎవరు ఎవరినైనా పెళ్లాడతారన్న ఊహ మీద నడుస్తాయి. మన దగ్గర కులం దాటి సంబంధాలు చూడరు, దగ్గరలో మేనరికం ఉంటే ఇంకా మేలు అనుకునే కుటుంబాలకు కొదవ లేదు. బావామరదళ్ల పెళ్లి అయితే పిల్లల జన్యుపటంలో సగటున పదహారో వంతు, మేనమామను చేసుకుంటే ఎనిమిదో వంతు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి అచ్చంగా ఒకటే అవుతాయి. జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో ఒకరైన హాల్డేన్ చివరి ఏళ్లు మన దేశంలోనే గడిపి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు 1960లలోనే ఆంధ్రలో ఈ దగ్గరి పెళ్లిళ్ల మీద పరిశోధన చేశారు. అయినా ఇవాళ్టికీ మన పిల్లలు సాఫ్ట్‌వేర్ డిఫాల్టులను కళ్లు మూసుకుని ఒప్పుకుంటారు.

జరిగేది ఇది. డేటా నాణ్యత చూసేటప్పుడు, రెండు వేర్వేరు కాపీలు ఉన్నవాళ్లు ఉండాల్సినంత మంది ఉన్నారా అని ప్రతి స్థానం దగ్గరా పరీక్షించి, లోటు మరీ ఎక్కువైతే యంత్రం తప్పు చదివిందని ఆ స్థానాన్ని తీసేస్తారు. ఆ పరీక్ష ఇచ్చే అంకె సుమారుగా మనుషుల సంఖ్యను లోటుతో రెండుసార్లు గుణిస్తే వస్తుంది. లోటు 0.03 అనుకోండి. వంద మంది శాంపిల్‌లో 0.09, అంటే ఏమీ కనిపించదు. ఇక్కడి సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ సమన్వయంతో జరిగిన జీనోమ్ ఇండియా లాగా దాదాపు 10,000 మంది ఉంటే, మేనరికం, కులాల మధ్య తేడా రెండూ కలిసి లోటు 0.05 అయితే 25 వస్తుంది. స్థానాన్ని తీసేయడానికి సాధారణంగా వాడే 10⁻⁶ గీత (యాదృచ్ఛికంగా అంత లోటు వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటి) దాటడానికి 24 చాలు. కాబట్టి చిన్న శాంపిల్‌తో నేర్చుకున్న అలవాటును పెద్ద శాంపిల్ మీద అలాగే వాడితే, ఏ దోషమూ లేని స్థానాలు కుప్పలుగా ఎగిరిపోతాయి. మిగిలిన డేటా మాత్రం మనం ఊహించినట్టే, అందరూ అందరితో కలిసే జనాభా లాగే, చక్కగా ఉంటుంది!

యంత్రం తప్పునూ మన పెళ్లిళ్లనూ వేరు చేసే దారి ఉంది. యంత్రం తప్పు కొన్ని స్థానాల దగ్గరే ఉంటుంది, పెళ్లిళ్ల ప్రభావం జన్యుపటమంతా సమానంగా పరుచుకుంటుంది. మేనరికమైతే ఒక్కో మనిషిలో పొడవాటి ముక్కలు ఏ తేడా లేకుండా సాగుతాయి. కులాలను కలిపేయడం వల్ల వచ్చిన లోటైతే అలాంటి ముక్కలు ఉండవు, ఒక్కో సముదాయాన్ని విడిగా పరీక్షిస్తే మాయమవుతుంది. ఇదేమీ చేయకుండా, నిజం డేటా తన సిమ్యులేషన్‌తో సరిపోవడం లేదని ఒక కుర్రవాడు ఎంఎస్‌ప్రైమ్‌ను తిట్టుకుంటూ చాలాకాలం తిరిగాడు. సాఫ్ట్‌వేర్ పాపం అతను చెప్పిన జనాభానే పుట్టించింది. వంశవృక్షం ఇచ్చి నడిపే వీలు అందులో ఉంది, పెళ్లి నియమాలు రాసుకోవాలంటే స్లిమ్ ఉంది. అడిగినవాడు ఆంధ్రను అడగలేదు, అంతే.

ఇంకో మోసం, సొంత రంగు. 2002లో ప్రపంచవ్యాప్తంగా 52 జనాభాల మీద అడ్మిక్స్చర్ లాంటిదే అయిన స్ట్రక్చర్ ప్రోగ్రాం నడిపితే, ఐదు గుంపులు అడిగినప్పుడు దాదాపు ఖండాల వారీగా విడిపోయాయి. ఆరు అడగ్గానే ఆరో రంగు పాకిస్తాన్ కొండల్లోని కలాష్ అనే చిన్న తెగకు వచ్చింది. ఖండంతో సమానమైన ప్రాచీనత వాళ్లకు ఉందని దాని అర్థం కాదు. కొద్దిమందితో మొదలై, బయటివాళ్లతో కలవకుండా ఉండిపోయిన గుంపులో అల్లీల్‌ల (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాల) నిష్పత్తులు త్వరగా పక్కకు జరుగుతాయి. ప్రోగ్రాంకు ఆ పక్కకు జరగడమే కనిపిస్తుంది, వయసు కాదు. మన దగ్గరా అంతే. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ వైపు నుంచి డేవిడ్ రైక్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఆంధ్ర వైశ్యుల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన జాడ బలంగా కనిపించింది. దాని అసలు ప్రయోజనం ఆసుపత్రిలో ఉంది: ఆపరేషన్‌కు ముందు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు ప్రభావం కొందరు వైశ్యుల్లో త్వరగా దిగదు, కండరాలు చచ్చుబడినట్టే ఉండిపోతాయి. మత్తు డాక్టర్లకు ఇది ముందే తెలిసిన సంగతి. ఇలాంటి గుంపుకు సొంత రంగు వస్తే "మాది స్వచ్ఛమైన, అతి ప్రాచీనమైన వంశం" అని మురిసిపోయే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మారతహళ్లిలో మా పెదనాన్న గారింట్లో ఒక విందులో నాకు ఈ ప్రశ్న ఎదురైంది. చెప్పిన జవాబు ఎవరికీ రుచించలేదు.

ఇంత పరీక్షిస్తూ కూర్చుంటే పత్రాలు ఎప్పుడు రాస్తాం అని ల్యాబ్‌లో నా మీద విసుక్కునేవాళ్లు ఉన్నారు. న్యాయమైన విసుగే. ఫెలోషిప్ గడువు పిల్లలకు, సంస్థ లెక్కలు గైడ్లకు. అయినా నేను అడుగుతున్నది రెండింతల పని కాదు. వింత ఫలితం వచ్చినప్పుడు ఎలాగూ చేసే పనినే ఫలితం చూడకముందే చేయమంటున్నాను. జవాబు తెలిసిన సిమ్యులేషన్‌ను పుట్టించి, అసలు డేటా వెళ్లే దారిలోనే, అవే స్క్రిప్టుల గుండా పంపాలి. పెట్టిన జవాబు తిరిగి వస్తేనే అసలు డేటాను ముట్టుకోవాలి. మోటా విషయంలో నడపకుండా వదిలేసిన స్క్రిప్టు లాంటివి ఇక్కడే దొరికిపోతాయి.

రెండోది మనుషులతో పని. ప్రచురితమైన జనాభా మోడళ్లను ఒకచోట చేర్చే ఎస్‌టీడీపాప్‌సిమ్ (stdpopsim) అనే ప్రాజెక్టులో ఒక మోడల్‌ను చేర్చాలంటే, ఒకరు రాసిన కోడ్ చూడకుండా మరొకరు అసలు పత్రం చదివి మళ్లీ రాయాలి. రెండూ సరిపోతేనే లోపలికి. మా దగ్గర అంత మంది లేరు కాబట్టి పక్క ల్యాబ్‌తో ఒప్పందం చేసుకున్నాం: మా మోడళ్లు వాళ్లు రాస్తారు, వాళ్లవి మేము. ఇప్పటిదాకా తేలినదాన్ని బట్టి, తేడాలు ఎక్కువగా కోడ్‌లోని తప్పుల వల్ల రావడం లేదు, పత్రంలో రాయని సంగతుల వల్ల వస్తున్నాయి. ఈమధ్య తీసుకున్న మోడల్‌లో జనాభా 3,000 ఏళ్ల కిందట విడిపోయిందని ఉంది. మా వాడు తరానికి 25 ఏళ్లు పెట్టాడు, అవతలి అమ్మాయి 29 పెట్టింది. విడిపోవడం ఒకరికి 120 తరాల వెనక, మరొకరికి 103 తరాల వెనక పడింది. రెండు ఫలితాలూ నమ్మదగినట్టే ఉన్నాయి. పత్రం, అనుబంధం మొత్తం తిరగేశాం, తరానికి ఎన్నేళ్లో ఎక్కడా రాయలేదు. రచయితలకు మెయిల్ పంపాం. జవాబు వచ్చేదాకా రెండింటినీ నడుపుతున్నాం.